ఎస్తేరమ్మ మూయించిన బోరింగు

ఎస్తేరమ్మ పోయిందని ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసినప్పుడు నేను ఇంద్రేశంలో మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని మెంతికూర తుంచుతున్నాను. కూర అలాగే వదిలేసి బస్సెక్కాను. సంగారెడ్డి చేరేసరికి చర్చి ఆవరణలో షామియానా వేసి, పెట్టె ముందు ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. పక్కనున్న పెద్దావిడ నా బొట్టు చూసి, ఉండబట్టలేక అడిగింది. "మీది ఏ సంఘమమ్మా?" నాది సంఘం కాదన్నాను. "చుట్టాలా?" కాదన్నాను. "మరి గీమె మీకెట్ల ఎరుక?" అని కాళ్ల నుంచి తల దాకా నన్ను చూసింది. అనుమానపు చూపు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఒకప్పుడు మా ఊరంతా ఎస్తేరమ్మను అలాగే చూసింది. "మా ఊళ్లో బోరింగు వేయించింది" అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. తర్వాత ఆ బోరింగును తనే మూయించిందని కూడా చెప్పబోయి ఆగిపోయాను. ఆ కథ కుర్చీల మధ్య చెప్పేది కాదు.

మా ఊరు పటాన్‌చెరు దాటాక, పెద్ద రోడ్డు వదిలి వాగు వెంట లోపలికి పోతే వస్తుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో నీళ్లు నాయనమ్మ చేతిలో ఉండేవి. వంట అమ్మ చేసేది, పశువులను బాపు చూసుకునేవాడు, నీళ్ల జోలికి మాత్రం నాయనమ్మ ఎవరినీ రానిచ్చేది కాదు. కొట్టం పక్కన మా చేదబావి. పొద్దున్నే ఆమె తోడిన మొదటి బొక్కెన ఇంట్లోకి వచ్చేది కాదు, పాదుల్లో పడేది. ఆ తర్వాతి నీళ్లను ఉతికిన ధోవతి గుడ్డలో వడగట్టి కుండల్లో పోసేది. నీళ్లు తేరుకోవడానికి కుండ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీసి మూత పెట్టేది. తడి ఇసుకలో కూర్చోబెట్టిన ఆ కుండల దగ్గర ఎప్పుడూ చల్లని మట్టి వాసన ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు నేను చదువుకునే వంక పెట్టి అక్కడే పడుకునేదాన్ని. ఇంటికి ఎవరొచ్చినా, అప్పులవాడైనా చుట్టమైనా, ముందు ఇత్తడి చెంబుతో నీళ్లు, ఆ తర్వాతే మాట. నీళ్లు తాగే మనిషిని నాయనమ్మ కళ్లార్పకుండా చూసేది. తాగే తీరును బట్టి మనిషి ఎలాంటివాడో తెలుస్తుందని ఆమె నమ్మకం. ఆమె అనుమానాలకు అంతు లేదు. పాలవాడు, పంతులు, డాక్టరు, ఓట్లకొచ్చిన నాయకుడు, ఆఖరికి కొత్తగా వచ్చిన అయోడిన్ ఉప్పు, ఎవరినీ దేన్నీ ముందుగా నమ్మేది కాదు. "ఏడాది చూడాలె" అనేది. ఏ కొత్తదానికైనా ఆమె పెట్టే గడువు అది.

వాగుకు పైన ఫ్యాక్టరీలు లేచాక ఆ నీళ్లు మారాయి. ఒక్కరోజులో కాదు. ముందు చాయ్ విరగడం మొదలైంది. పాలు మంచివి కావని పాలవాడితో అమ్మ తగువు పెట్టుకుంది. తర్వాత పప్పు ఎంతసేపు ఉడికించినా గింజ గింజగానే ఉండేది. అన్నం వండితే పసుపు చల్లినట్టు ఉండేది, సాయంత్రానికే పాచిపోయేది. తెల్లబట్టలు తుప్పురంగుకు తిరిగాయి. వాసన ఎలా ఉండేదో చెప్పడం కష్టం. కుళ్లిన మామిడిపండు మీద కిరోసిన్ చల్లితే ఎలా ఉంటుందో దాదాపు అలా. నాయనమ్మ చిల్లగింజలు మానేసి పటిక వేసింది, పటిక మానేసి కాచింది. కాస్తే వాసన ఇంకా ఎక్కువైంది. అప్పటికే ఊళ్లో ఇంటికొకరు ఫ్యాక్టరీల్లో చేరి ఉన్నారు. మా బాపు కూడా మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో పని దొరికించుకున్నాడు. వాగు కింద మా మడి ఎర్రబారి పంట పోయాక ఆ జీతంతోనే ఇల్లు నడుస్తోంది. కొత్తగా కాలేజీకి పోతున్న నా బస్సు పాసు కూడా అందులోంచే.

ఆ సంవత్సరమే మా మేనత్త పద్మ మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మా బాపుకు ఒక్కతే చెల్లెలు, ఎత్తుకుని పెంచినవాడు ఆయనే. నాయనమ్మ ఆమె కోసం ఎదురింటి బావి నుంచి, పక్క వీధి బావి నుంచి నీళ్లు తెచ్చి చూసింది. అన్నీ ఒక్కతీరే. నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. బిడ్డ దక్కలేదు. నీళ్ల వల్లే అని ఆ రోజు ఎవరూ అనలేదు, ఈ రోజు కూడా నేను అనలేను, ఎవరూ తేల్చలేదు గనక. పద్మత్త మాత్రం ఆ తర్వాత మా బావి గిలక చప్పుడు వినపడితే చెవులు మూసుకునేది. కొన్నాళ్లకు అత్తగారింటికి వెళ్లిపోయింది. మళ్లీ కాన్పుకు మా ఇంటికి రాలేదు.

వాళ్లు వచ్చింది దాని తర్వాతి ఎండాకాలంలో. రెండు తెల్ల జీపులు, ఒక సామాన్ల వ్యాను. వాగు వెంట ఊళ్లలో మంచినీళ్ల కోసం బోర్లు వేస్తామని వచ్చిన క్రైస్తవ మిషన్ వాళ్లు. బడికి సెలవులు కాబట్టి బడి గదుల్లో దిగారు. వాళ్లలో ఒక పాస్టరు, అందరూ అయ్యగారు అనేవారు. పొడుగ్గా ఉండే ఒక తెల్లాయన, ఎండకు మొహం ఎర్రగా కందిపోయి ఉండేది. ఇంకా నలుగురైదుగురు కాలేజీ పిల్లలు. అందరికీ పెద్దది నర్సు ఎస్తేరమ్మ. నలభై దాటిన మనిషి, తెల్ల చీర, బిగించి వేసిన ముడి, మాట తక్కువ. పొద్దున బడి వరండాలో పాటలు పాడేవాళ్లు. ఊరు అరుగుల మీద కూర్చుని వినేది. పాట బాగుందనేవాళ్లు, వెంటనే గొంతు తగ్గించేవాళ్లు. నీళ్ల వంకన మతం కలుపుకుంటారని కొందరు, భూముల కోసమని కొందరు, ఫ్యాక్టరీ వాళ్లే మన నోరు మూయడానికి వీళ్లను పంపారని ఇంకొందరు. సర్పంచ్ మాత్రం అన్నిటికీ నవ్వి ఊరుకునేవాడు. ఫ్యాక్టరీలకు కూలీలను పంపే కాంట్రాక్టు ఆయనదే.

ఎస్తేరమ్మ ఇల్లిల్లూ తిరిగి సీసాల్లో బావి నీళ్లు పట్టుకునేది. మా ఇంటికి వచ్చినప్పుడు నాయనమ్మ అలవాటు ప్రకారం చెంబు తెచ్చి ముందు పెట్టింది. ఎస్తేరమ్మ చెంబు తాకి దండం పెట్టింది గానీ తాగలేదు. ఆమె సంచిలో సొంత నీళ్ల సీసా మూతి బయటికి కనిపిస్తోంది. నాయనమ్మ దాన్ని చూసింది.

"మా ఇంట్ల నీళ్లు ముట్టవా? మేమేం తక్కువోళ్లమా?"

"గట్ల కాదవ్వా. నాకు భయం."

"దేనికి భయం?"

"ఈ నీళ్లు మంచియి కావేమోనని మీకు చెప్పనీకే వచ్చిన. మర్యాదకు నేనే తాగితే నా మాట మీరెట్ల నమ్ముతరు?"

నాయనమ్మ చెంబు తీసి పక్కన పెట్టింది. ఇంటికొచ్చిన మనిషికి నీళ్లివ్వలేకపోవడం ఆమెకు అదే మొదటిసారి. మొహం చిన్నబోయింది, కానీ నోరు ఊరుకోలేదు. "సరే. మా నీళ్లు చెడ్డయి. మంచినీళ్లిచ్చి మీ దేవుడు ఏమడుగుతడు?"

"ఏమీ అడగడవ్వా."

"ఏమీ అడగనోన్ని నేను ఇంతవరకు చూడలే" అంది నాయనమ్మ. ఎస్తేరమ్మ నవ్వలేదు, కోపగించలేదు. సీసా నింపుకుని, మూత బిగించి, పద్మత్త సంగతి ఎవరి దగ్గర విన్నదో గానీ, "మీ బిడ్డ ఇప్పుడెట్లున్నది?" అని అడిగింది. నాయనమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం నేను చూసిన దృశ్యం ఒకటి ఉంది. బాపు డ్యూటీ నుంచి వచ్చి విడిచిన ఖాకీచొక్కాను అమ్మ ఎప్పుడూ మిగతా బట్టలతో కలపకుండా వేరే బకెట్లో వేసేది. నాయనమ్మ ఆ చొక్కా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత బావి దగ్గరికి వెళ్లి, దోసెడు నీళ్లు తోడుకుని వాసన చూసింది. మళ్లీ చొక్కా. మళ్లీ నీళ్లు. చొక్కాను మడతపెట్టి, మురికిదని కూడా చూడకుండా, ఒళ్లో పెట్టుకుని చాలాసేపు బావి గట్టు మీద కూర్చుంది. బాపు అన్నానికి కూర్చున్నప్పుడు ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది. "కొడుకా, మీ కంపెనీల పారబోసేది ఎక్కడికి పోతది?" అంది. బాపు తలెత్తలేదు. "నాకేమెరుక, నాది మిషన్ కాడ పని" అన్నాడు. నాయనమ్మ ఇంకేమీ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి పాలవాడిని చూసే చూపుతో తన కొడుకును కూడా చూడడం మొదలుపెట్టింది. నేనూ చూశాను. ఇంట్లో ఒక మనిషిని అనుమానించడం ఎలా ఉంటుందో నాకప్పుడే తెలిసింది. అన్నం వడ్డిస్తున్నా, జడ వేసుకుంటున్నా, ఆ అనుమానం పక్కనే కూర్చుని ఉంటుంది.

బడి వెనక మెరక మీద బోరు బండి దిగిన రోజు ఊరంతా అక్కడే ఉంది. అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. అది కాగానే సర్పంచ్ కొబ్బరికాయ కొట్టాలన్నాడు, కొట్టారు. బండి నడిపే తమిళ డ్రైవరు, ఇదంతా ఏదో ఊరి గొడవ అన్నట్టు చూసి, తన ఇంజిను ముందు తన కర్పూరం తను వెలిగించుకున్నాడు. ముగ్గురి మొక్కులూ అయ్యాక భూమి దద్దరిల్లింది. తెల్ల దుమ్ము లేచి అందరి తలలూ ముసలి తలలయ్యాయి. సాయంత్రానికి నీళ్లు పడ్డాయి. మొదట బూడిద రంగులో, తర్వాత తేటగా, అద్దంలాగా. వాసన లేదు. కొన్నాళ్లకు చేతిపంపు బిగించారు. మా వైపు దాన్నే బోరింగు అంటాం. నీళ్లను హైదరాబాద్‌కు పరీక్షకు పంపామని, ఆ కబురు వచ్చేదాకా బట్టలకు, గొడ్లకు మాత్రమే వాడుకోవాలని ఎస్తేరమ్మ అందరికీ వినపడేలా చెప్పింది. ఎవరు వింటారు? అంత తేట నీళ్లు చూసి ఎన్నాళ్లయిందో. సర్పంచ్ దోసిలి పట్టాడు, తెల్లాయన నవ్వుతూ గ్లాసెత్తి గటగటా తాగాడు, ఆడవాళ్లు ఏడ్చినంత పనిచేశారు. ఆ గుంపులో నీళ్లు ముట్టని పెద్దవాళ్లు ఇద్దరే ఉన్నారు. ఒకరు మా నాయనమ్మ. ఇంకొకరు ఎస్తేరమ్మ. ఒకరు తాగకపోవడం ఇంకొకరు చూశారు. అంతమంది తలల మీదుగా ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాయనమ్మ ఇంటికొచ్చి, "గా సిస్టరమ్మ ఉషారు మనిషి" అంది. ఉషారంటే తెలివి గలదని; ఆమె నోట అది పెద్ద మెప్పు.

ఊరికి పండగలా గడిచింది. చాయ్ విరగలేదు, పప్పు ఉడికింది, అన్నం తెల్లగా ఉంది. మా ఇంట్లో మాత్రం నాయనమ్మ ఆ నీళ్లను కుండల్లోకి రానివ్వలేదు. బాపు సైకిలుకు రెండు క్యాన్లు కట్టి, పెద్ద రోడ్డు దగ్గర, మంజీరా నది నీళ్లను హైదరాబాద్‌కు తీసుకుపోయే పైపు కారే చోట నుంచి నీళ్లు తెచ్చేవాడు. అమ్మ విసుక్కునేది. ఇంతలో మిషన్ వాళ్లు వేరే ఊరికి వెళ్లిపోయారు. ఒక పొద్దున ఎస్తేరమ్మ ఒక్కతే, అయ్యగారిని కూడా ఆగమని చెప్పి, మెకానిక్‌ను వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. బోరింగు పిడి విప్పించింది. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లకు పరీక్షలో తేలిన నిజం చెప్పింది. పైకి తేటగా ఉన్నా ఈ నీళ్లలో కూడా విషం ఉంది, బావి నీళ్లకన్నా ఇవే ప్రమాదం, వాసన లేదు కాబట్టి.

మధ్యాహ్నానికి పంచాయతీ ఆఫీసు ముందు ఊరు ఊరంతా చేరింది. అందరి గొంతులూ ఒకటే అయ్యాయి. ఒక్క ఇల్లు కూడా మతం కలవలేదని నీళ్లు బంద్ పెట్టారన్నారు. తెల్లాయన వస్తే కొడతామన్నారు. ఒకామె ఖాళీ బిందె తెచ్చి ఎస్తేరమ్మ కాళ్ల దగ్గర పడేసింది. అది దొర్లుకుంటూ పోయి మెట్టుకు తగిలి ఆగింది. సర్పంచ్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "నేనొక్కటే అడుగుత. ఆ దినం మేమంతా తాగినం. ఈమె తాగలే. అంటే ముందే ఎరుకున్నది. మమ్మల్ని తాగనిచ్చి తమాషా చూసింది."

అప్పుడు నాయనమ్మ లేచింది. ఆమె అక్కడికి వచ్చిందని కూడా నేను చూడలేదు.

"నేను గూడ తాగలే సర్పంచ్ సాబ్. నాకేమెరుక ఉండె? తాగకుర్రి అని ఆమె మొత్తుకున్నది, మీరే ఇనలే. దొంగదైతే బోరింగు కొట్టనిచ్చి, పేరు తీసుకొని పోతుండె. తన పేరు తానే ఖరాబు చేసుకోనీకె ఎవరన్న ఇంతదూరం వస్తరా?"

"అయితే నువ్వు గూడ కలిసినవా వాళ్లల్ల?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

"వాళ్ల దేవుడు నాకు తెల్వదు. ఆమె మీద గూడ నాకు నమ్మకం సగమే. మిగిలిన సగం నా కొడుకును అడుగుర్రి."

బాపు జనంలో, తన కంపెనీ వాళ్ల మధ్య నిలబడి ఉన్నాడు. నాయనమ్మ ఆయన వైపు చూడలేదు, సర్పంచ్ వైపే చూస్తోంది. బాపు భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "ఆమె చెప్పేది నిజమే" అన్నాడు. గొంతు ఎంత చిన్నగా ఉందంటే ముందు వరస వాళ్లు వెనక్కి తిరగాల్సి వచ్చింది. "వానొచ్చినప్పుడు వాగులకు ఇడుస్తరు. వానల్లేనప్పుడు కంపెనీ ఎనక ఎండిన బోరు ఒకటున్నది, దాంట్ల పోస్తరు. లోపలికి. నేను చూసిన." పక్కనున్నవాళ్లు ఆయన నుంచి ఒక అడుగు జరిగారు. అంతే. ఎవరూ అరవలేదు. సర్పంచ్ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఎస్తేరమ్మ వంగి ఆ బిందె తీసి, అది పడేసిన ఆమెకే అందించింది.

మర్నాడు బాపును గేటు దగ్గరే ఆపేశారు. తోటివాళ్లు మాకు ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్లు. వాళ్ల కొలువులకూ ముప్పు తెచ్చాడని కోపం. ఆ కోపంలో న్యాయం లేదని నేను అనలేను. మిషన్ వాళ్లు ఆ ఎండాకాలమంతా ట్యాంకరుతో మంజీరా నీళ్లు పంపారు. ఊరు తాగింది, తాగుతూనే తిట్టింది. ఆఖరికి ఒకే ఒక ఇల్లు మతం కలిసింది, దాని గురించి ఊరు చాలాకాలం మాట్లాడుకుంది. సర్కారు పైపు రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఈలోగా ఎస్తేరమ్మ మా ఇంటికి వచ్చి, సంగారెడ్డిలో మిషన్ ఆసుపత్రిలో వాచ్‌మన్ పని ఉంది, బాపును చేరమంది. అమ్మ కళ్లు మెరిశాయి. నాయనమ్మ అడ్డం పడింది. "వద్దు సిస్టరమ్మా. గా పని తీసుకుంటే వీడు గా దినం చెప్పిందంతా అబద్ధమైతది. గిందుకే చెప్పిండంటరు." ఎస్తేరమ్మ "నిజమే అవ్వా" అని ఒప్పుకుంది. బాపు తర్వాత సంగారెడ్డి మార్కెట్ యార్డులో ఒక సేటు దగ్గర గుమాస్తాగా కుదిరాడు. ఎస్తేరమ్మ ఏటా రెండుమూడుసార్లు వచ్చి వెళ్లేది. నాయనమ్మ ఆమెకు మంజీరా నీళ్లతో చాయ్ కాచి ఇచ్చేది, తాగుతుంటే కళ్లార్పకుండా చూసేది. నాయనమ్మ చనిపోయేదాకా ఆమె నమ్మకం సగం దగ్గరే ఆగిందో, ఇంకొంచెం పెరిగిందో నాకు తెలియదు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటుకు పొద్దున్నే ట్యాంకర్లు వస్తాయి. ఏ బోరు నీళ్లో, ఎంత లోతువో, ఎవరూ అడగరు. ట్యాంకరు ఆలస్యమైతే మాత్రం ఫోన్ల గ్రూపులో గొడవ. వంటింట్లో గోడకు తగిలించిన నీళ్ల ఫిల్టరులో ఆకుపచ్చ లైటు వెలిగితే చాలు, మంచినీళ్లే. నేనొక్కదాన్నే గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాను. మనవరాలు నవ్వుతుంది. పోయిన ఎండాకాలం గేటు బయట, ఎదుటి బిల్డింగ్‌లో పనిచేసే బిహారు కూలీల కోసం చల్లటి నీళ్ల డ్రమ్ములు పెడతామని ఏదో చర్చి పిల్లలు వచ్చి అడిగితే, మావాళ్లు కూర్చోమనకుండానే పంపించేశారు. మతం కలపడానికే అన్నారు. అయ్యుండొచ్చు. వాళ్లను తిరిగి ఒక్క ప్రశ్న అడిగినవాళ్లు లేరు, కూలీలు అప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారో చూసినవాళ్లూ లేరు. మా నాయనమ్మ మనిషిని అనుమానించేది, నీళ్లను అనుమానించేది, కన్న కొడుకును కూడా అనుమానించేది. మేం మనుషుల దగ్గరే ఆగిపోతున్నాం.

బాపు చివరి రోజుల్లో నా దగ్గరే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం, పద్మత్త కొడుకు పెళ్లి శుభలేఖ ఇచ్చి వెళ్లాక, మేమిద్దరమే మిగిలాం. మళ్లీ అవకాశం రాదనిపించి అడిగేశాను.

"బాపూ, పద్మత్త మొదటి కాన్పుకు మనింటికి వచ్చినప్పుడు, గా బోరు సంగతి నీకు ఎరుకేనా?"

ఆయన చేతిలోని శుభలేఖను కిటికీ గూట్లో పెట్టాడు.

"ఎరుక లేదు బిడ్డా. అనుమానముండె" అన్నాడు. "అనుమానంతోని ఎవరన్న కొలువు ఇడిసిపెడ్తరా?"

నిజంగా నా జవాబు కోసమే అడిగినట్టు నా మొహంలోకి చూశాడు.